నలభై ఒక్క సెకన్లు

2, సోమవారం

కొత్త పని తగిలించారు. ఏ పని చెప్పినా “ఇది సింపులేనమ్మా” అంటాడని మా మేనేజర్‌ని వెనకాల అందరం సింపుల్ సార్ అంటాం. పొద్దున్నే పిలిచాడు.

“మన ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందని కంట్రోల్ రూం వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. మనం ప్రోగ్రాం రాసిన లాంగ్వేజే నెమ్మదని లోకమంతా అంటోంది కదా. అదే లాంగ్వేజ్‌ని ఇంకా వేగంగా నడిపే వెర్షన్లు మూడున్నాయట. మూడూ చూసి, మనకేది పనికొస్తుందో నెలాఖరుకి రిపోర్ట్ ఇవ్వు. సింపులే.”

నాకూ సంతోషమే. ఆరేళ్ళుగా ఆ ప్రోగ్రాం నా చేతి బిడ్డ. అంబులెన్స్ కావాలని ఫోన్ రాగానే ఊళ్ళో తిరిగే నూట నలభై బండ్లలో ఏది పంపాలో అదే చెప్పాలి. మామూలు రోజుల్లో తొమ్మిది సెకన్లు తీసుకుంటుంది. ఆ తొమ్మిది సెకన్లూ వదిన ఫోన్లో “లైన్లోనే ఉండండి, నేనిక్కడే ఉన్నాను” అంటూ ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ఫోన్లెత్తుతోంది. ఈ ఆఫీసులో ఉద్యోగం ఖాళీ ఉందని నాకు చెప్పిందీ ఆవిడే.

వదినకి ఈరోజు నోటీసు వచ్చింది. పోయిన నెల ఆ పెద్ద వాన రోజున ఒక డ్రాయింగ్ మాస్టారు గుండె నొప్పితో పడిపోతే ఆయన కూతురు ఫోన్ చేసింది. ఎత్తింది వదిన. బండి చేరేసరికే ఆయన పోయాడు. కూతురు ఫిర్యాదు ఇచ్చింది. రికార్డు తీస్తే, ఫోన్ ఎత్తడానికీ బండికి కబురు అందడానికీ మధ్య యాభై ఎనిమిది సెకన్లు. ఆపరేటర్ ఎందుకు ఆలస్యం చేసిందో విచారిస్తారట.

“స్క్రీన్ ఆగిపోయిందే. చక్రం తిరుగుతూనే ఉంది,” అంది వదిన బస్సులో. “అదే చెప్పండి వదినా, రికార్డు చూస్తారుగా,” అన్నాను.

మా ఆయన మాత్రం ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. “మా అక్క ఆలస్యం చెయ్యడమా!”

3, మంగళవారం

మూడింటినీ నా మెషీన్‌లో ఎక్కించాను.

మొదటిది, ప్రోగ్రాం నడుస్తుంటే చూసి నేర్చుకునే రకం. పొద్దున్నే మంచం దిగని మనిషిలా మొదట్లో బద్ధకిస్తుంది, ఓసారి వేడెక్కితే మాత్రం ఆగదు. మెమరీ నాలుగింతలు మింగుతుంది. మన మ్యాపుల లైబ్రరీ అంటే దానికి పడదు.

రెండోది ప్రోగ్రాం మొత్తాన్ని ముందే మెషీన్ భాషలోకి మార్చేస్తుంది. ప్రతి అంకె ఏ రకమో, ప్రతి పేరు ఏ రకమో ముందే చెప్పమంటుంది. అత్తగారి ఆరాలు. అన్నీ చెప్పాక మాత్రం మహా వేగం.

మూడోది ఒకేసారి పది చేతులతో పనిచేస్తుంది. దాన్ని ఇంకా నమ్మలేను.

4, బుధవారం

మామూలు రోజు రికార్డు పెట్టి నడిపాను. పాత వెర్షన్ తొమ్మిది సెకన్లు. మొదటిది వేడెక్కాక రెండు. రెండోది ఒకటిన్నర. మూడోది రెండు కన్నా తక్కువే, కానీ ఒకే బండిని ఇద్దరు రోగులకి ఇచ్చేసింది. దాని చేతులు ఒకదాన్నొకటి చూసుకోవు. అది పక్కన పెట్టాను.

సింపుల్ సార్ భుజం తట్టినంత పని చేశాడు. “చూశావా, తప్పంతా లాంగ్వేజ్‌దే!”

రద్దీ రోజున ఎలా ఉంటుందో కూడా చూడాలి. మన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా రద్దీ రోజు ఆ వాన రోజే.

6, శుక్రవారం

వాన రోజు రికార్డు నడిపాను. తలనొప్పిగా ఉంది. తొందరగా ఇంటికి వచ్చేశాను.

7, శనివారం

వెర్షన్లన్నీ బాగానే ఉన్నాయి. రెండోదే మేలనుకుంటా.

9, సోమవారం

ఇది నా డైరీ. ఇందులో కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. శుక్రవారం చూసింది రాస్తున్నాను.

వాన రోజున ఒక దశలో తొంభై మంది బండి కోసం ఎదురుచూస్తున్నారు. ఆ రికార్డు పెడితే పాత వెర్షన్‌కి నలభై ఒక్క సెకన్లు పట్టింది. మళ్ళీ నడిపాను. నలభై ఒకటే. మొదటి కొత్త వెర్షన్‌కి కూడా పది పట్టింది. ఎంత రద్దీ అయినా ఇంత తేడా రాకూడదు.

ఏ లైను ఎంత సమయం తింటోందో చూపించే సాధనం ఒకటుంది. అది పెట్టాను. మొత్తం సమయంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఒక్క లైనే తినేస్తోంది. బండి మారినప్పుడల్లా ఎదురుచూసేవాళ్ళ జాబితా మొత్తాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివి, మళ్ళీ దూరాలు లెక్కేసి, మళ్ళీ వరసలో పెడుతోంది. నూట నలభై బండ్లకి నూట నలభై సార్లు. ఒక్కసారి చేసి దాచుకుంటే సరిపోయే పని.

ఆ లైను పక్కన చిన్న నోట్ ఉంది. “తర్వాత సరిచెయ్యాలి.” పక్కన నా పొడి అక్షరాలు.



నాలుగు లైన్లు మార్చి చూశాను. అదే పాత వెర్షన్, అదే వాన రోజు. ఒక్క సెకను కూడా పట్టలేదు.

మార్చినవి చెరిపేశాను.

అప్పట్లో మూడు వారాల్లో ప్రోగ్రాం మొదలెట్టాలన్నారు. ఆ వారం నాకు జ్వరం కూడా.

10, మంగళవారం

లాంగ్వేజ్ నెమ్మదిదే. అది అబద్ధం కాదు. అందరూ అనే మాటే.

12, గురువారం

వదినని కమిటీ ముందు కూర్చోబెట్టారు. సాయంత్రం ఆవిడే వచ్చి చెప్పింది. మా వంటగదిలో నిలబడే చెప్పింది, కుర్చీ లాగినా కూర్చోలేదు.

“అడ్రసు పదిహేను సెకన్లలో కొట్టేశాను, ఆ తర్వాత స్క్రీన్ ఆగిపోయింది అన్నాను. రికార్డులో ఆ ముక్క లేదట. ఫోన్ ఎత్తిన టైమూ, బండికి కబురు వెళ్ళిన టైమూ, అంతే ఉంటుందట. మధ్యలో ఏం జరిగిందో ఉండదట.”

“మరి?”

“మరేముంది, ఒక కాగితం తీసి చదివారు. ఎంత రద్దీ ఉన్నా ఈ ప్రోగ్రాం పన్నెండు సెకన్లు దాటదు అని. అలాంటప్పుడు మిగతా సమయం మీరేం చేస్తున్నట్టు అన్నారు.”

ఆ కాగితం ఎవరిదో వదిన అనలేదు. కింద సంతకం చూసే ఉంటుంది. నా పరీక్షల రిపోర్ట్. ఆరేళ్ళ కిందటిది. అప్పుడు ఇరవై మంది ఎదురుచూస్తున్నట్టు పెట్టి పరీక్షించాను. తొంభై మందితో పరీక్షించలేదు. “ఎంత రద్దీ ఉన్నా” అని మాత్రం రాశాను.

“నీ రిపోర్ట్ సరిగ్గానే ఉండి ఉంటుంది,” అంది వదిన వెళ్తూ వెళ్తూ. “నువ్వు ఏదీ తూతూమంత్రంగా చెయ్యవు.”

13, శుక్రవారం

వదినని విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఈరోజు బస్సులో ఒక్కదాన్నే వెళ్ళాను.

16, సోమవారం

రిపోర్ట్ సగం అయింది. రెండో వెర్షన్ సిఫారసు చేస్తున్నాను. వాన రోజున కూడా ఆరు సెకన్లే. పట్టికలు బాగా వచ్చాయి. పాత వెర్షన్ గడిలో వాన రోజు అంకె వెయ్యలేదు. “వర్తించదు” అని రాశాను.

ఒక రకంగా ఆలోచిస్తే ఇదే అందరికీ మంచిది. కొత్త వెర్షన్ వస్తే ప్రోగ్రాం ఆరు సెకన్లలో అయిపోతుంది. ఇకముందు ఎవరికీ ఆలస్యం కాదు. నన్ను అడిగింది వెర్షన్లు పోల్చమనేగానీ పాత లైన్లు తవ్వమని కాదు. వదినకి మహా అయితే హెచ్చరిక ఇచ్చి వదిలేస్తారు. పద్నాలుగేళ్ళ సర్వీసు.

సరిచేస్తే ఒక్క సెకను కూడా పట్టని చోట ఆరు సెకన్లు.

18, బుధవారం

సాయంత్రం పై అంతస్తులో వదిన ఇంటికి వెళ్ళాను. ఆయన అప్పటికే అక్కడున్నాడు. వంటగది బల్ల మీద లాప్‌టాప్, పక్కన కేకులు చేసేటప్పుడు వాడే టైమరు. ఆయన ఉత్తుత్తి అడ్రసులు చెప్తున్నాడు, వదిన టైప్ చేస్తోంది.

“నాలుగో వీధి, పన్నెండో నంబరు, రెండో అంతస్తు…”

“ఒరేయ్, ఏడుస్తూ చెప్పరా. ఇంత నిదానంగా ఎవరూ చెప్పరు. మధ్యలో అడ్రసు వదిలేసి ‘నాన్న ఊపిరి తీసుకోవట్లేదు’ అను. అప్పుడు మళ్ళీ అడ్రసు దగ్గరికి తీసుకురావాలి కదా నేను.”

ఆయన నిజంగానే గొంతు మార్చి చెప్పాడు. అంత పెద్ద మనిషి అలా ఏడుపు గొంతు పెడుతుంటే నవ్వొచ్చింది నాకు, కానీ వాళ్ళిద్దరూ నవ్వలేదు. టైమరు ఆపి చూశాడు. పద్నాలుగు సెకన్లు. మళ్ళీ. పదమూడు. మళ్ళీ. పదహారు.

“చూశావా, పదహారు,” అంది వదిన వేళ్ళు చూసుకుంటూ. “ఆ రోజు పదిహేను అనుకున్నాను. ఏమో. నలభై పట్టిందేమో. నాకే తెలియలేదేమో. యాభై రెండేళ్ళొచ్చాయి, చేతులు నెమ్మదిస్తే మనకి మనం తెలుసుకోలేం కదా.”

“అక్కా, అలా అనకు,” అన్నాడు ఆయన.

“ఆ అమ్మాయి అరిచింది నిజం, నేను ‘లైన్లోనే ఉండండి’ అన్నది నిజం. ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. స్క్రీన్ ఆగిందని నేనే అనుకున్నానేమో, తప్పు నా మీద పడకుండా.”

సింకులో రెండు కప్పులున్నాయి. కడిగాను. అవయ్యాక శుభ్రంగా ఉన్న గిన్నెలు కూడా తీసి కడిగాను.

19, గురువారం

జ్వరం వచ్చింది ఆ వారం కాదు. ప్రోగ్రాం మొదలుపెట్టేశాక, ఆ తర్వాతి వారం. ఆ లైను రాసిన రోజు నేను ఆరోగ్యంగానే ఉన్నాను. మధ్యాహ్నం అందరం కలిసి బయటికి భోజనానికి వెళ్ళాం కూడా.

20, శుక్రవారం

సింపుల్ సార్ గది తలుపు వేసి చెప్పేశాను. లైను చూపించాను. నలభై ఒకటి చూపించాను. సరిచేస్తే ఎంతవుతుందో చూపించాను.

లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“ఇంకెవరికి చెప్పావు?”

“ఎవరికీ లేదు సార్.”

“మంచిపని చేశావు. ఇప్పుడిది బయటపెడితే ఏమవుతుందో తెలుసా? ఆరేళ్ళలో ప్రతి రద్దీ రోజూ తవ్వుతారు. ప్రతి కేసూ తవ్వుతారు. నువ్వొక్కదానివే కాదు, ఆ రిపోర్ట్ ఆమోదించింది నేను. అదే కొత్త వెర్షన్ పెట్టేశామనుకో, మార్చేటప్పుడు ఆ లైను కూడా మామూలుగానే మారిపోతుంది. ఎవరికీ నష్టం లేదు.”

“మా వదిన సార్.”

“ఆవిడ్ని వేరే సెక్షన్‌కి మారుస్తారు. ఫోన్లు లేని చోటికి. ఆ వయసులో ఆవిడకీ హాయి. ఆలోచించు. సింపుల్…” అని ఆగిపోయాడు. మొదటిసారి ఆ మాట సగంలో మింగడం చూశాను.

బయటికొచ్చాక నాకు కోపం రాలేదు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి ప్రాణం తేలికపడింది. నేను చెప్పాను కదా, వద్దన్నది ఆయన కదా అనిపించింది. అలా అనిపించిందని రాసి పెడుతున్నాను.

21, శనివారం

ఫోన్లు లేని చోట వదిన ఏం చేస్తుంది?

22, ఆదివారం

ఆయనకి చెప్పాను. మంగళవారం కమిటీ నన్నూ రమ్మందని కూడా చెప్పాను. బట్టలు మడతపెడుతున్నాడు. మడతపెడుతూనే విన్నాడు. నేను ఆపాక ఇంకో రెండు చొక్కాలు మడతపెట్టాడు.

“అక్కకి తెలుసా?”

“లేదు.”

“బుధవారం నేనక్కడ ఏడుపు గొంతు పెడుతుంటే నీకు తెలుసా?”

“తెలుసు.”

తిట్టి ఉంటే బాగుండేది. మడతపెట్టిన బట్టలు తీసుకెళ్ళి అలమరలో పెట్టి వచ్చి, “మంగళవారం ఎన్నింటికి కమిటీ?” అన్నాడు.

“పదకొండు.”

“నేను సెలవు పెడతాను. బయట కూర్చుంటాను. లోపలికి నువ్వే వెళ్ళాలి.”

24, మంగళవారం

కమిటీలో ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, ఇటు ఒక పాత డాక్టరమ్మ, అటు రాసుకునే ఆయన. సింపుల్ సార్ పక్కన కుర్చీలో. నన్ను పిలిచింది ఆ పాత రిపోర్ట్ నాదేనని చెప్పించడానికి. అవునని చెప్పి వచ్చేస్తే అయిపోయేది.

“ఈ రిపోర్ట్ మీదేనా?”

“నాదే. అందులో ఉన్నది తప్పు,” అన్నాను.

నీళ్ళు తాగాను. ఇరవై మందితో పరీక్షించి తొంభై మందికి పూచీ ఇచ్చాననీ, ఆ రోజున ప్రోగ్రాం నలభై ఒక్క సెకన్లు తీసుకుందనీ, పదిహేనూ నలభై ఒకటీ కలిపితే యాభై ఆరనీ, కబురు వెళ్ళడానికి మరో రెండనీ చెప్పాను. ఆపరేటర్ చెప్పిన ప్రతి మాటా నిజం అన్నాను. పరీక్షల కాగితాలన్నీ బల్ల మీద పెట్టాను. తప్పు లాంగ్వేజ్‌ది కూడా కాదు, నేను రాసిన ఒక లైనుది అన్నాను.

సింపుల్ సార్ చేతిలో పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. “ఆమోదించింది మీరేనా?” అని అధ్యక్షుడు అడిగితే “నేనే,” అన్నాడు. అబద్ధమాడలేదు. ఆ మాట కూడా రాయాలి.

లేచేముందు ఆగలేక డాక్టరమ్మని అడిగాను. “ఆ నలభై సెకన్లు ముందు వెళ్ళి ఉంటే ఆయన బతికేవారా మేడమ్?”

ఆవిడ కళ్ళజోడు తీసింది. “చెప్పలేనమ్మా. బతికేవాడని చెప్పలేను. బతికేవాడు కాదనీ చెప్పలేను. ఎవరైనా ఖాయంగా చెప్తే నమ్మకు.”

బయట బెంచీ మీద ఆయన ఉన్నాడు. పక్కన వదిన కూడా ఉంది. ఆవిడ్ని లోపలికి పిలిచారు.

25, బుధవారం

వదిన మీద విచారణ ఆపేశారు. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు.

పైకి వెళ్ళాను. వదిన తలుపు తీసింది కానీ పక్కకి జరగలేదు. చేతిలో నేను కమిటీకి ఇచ్చిన పరీక్షల కాగితాల కాపీ. ఆవిడకి కూడా ఒక సెట్టు ఇచ్చారట.

“తప్పు రాశావు. అది నాకు అర్థమైంది,” అంది. “పని చేసేవాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తాం. నేనూ ఒకసారి తూర్పు వీధికి పంపాల్సిన బండిని పడమర వీధికి పంపాను. దాని గురించి నిన్నేమీ అనను.”

కాగితం నా ముందు పట్టుకుంది. మూలలో మెషీన్ దానంతటదే వేసిన తేదీ.

“ఆరో తేదీ ఇది. నువ్వు చెప్పింది ఇరవై నాలుగున. పద్దెనిమిది రోజులు. మధ్యలో పద్దెనిమిదో తేదీన నా ఇంట్లో గిన్నెలు కడిగావు.”

“వదినా…”

“నా చేతులు పనికిరావేమో అనుకున్నానే నేను.”

తలుపు విసురుగా వెయ్యలేదు. నెమ్మదిగానే వేసింది.

26, గురువారం

సరిచేసిన నాలుగు లైన్లూ ఎక్కించారు. ఎక్కించింది నేను కాదు. నన్ను ఆ ప్రోగ్రాం నుంచి తప్పించారు. వివరణ ఇమ్మని నోటీసు. ఆరేళ్ళ రికార్డులన్నీ బయటి వాళ్ళ చేత చూపిస్తారట. ఎన్ని రద్దీ రోజులు ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టగలను.

వెర్షన్ల రిపోర్ట్ కూడా ఇచ్చేశాను. వాన రోజు గడి నింపాను. చివర ఇలా రాశాను: మొదటి రెండూ మంచివే, పెద్ద లెక్కలున్న చోట పనికొస్తాయి. మూడోది ఇంకా పరీక్షించాలి. మన ప్రోగ్రాంకి ఇప్పుడు ఏదీ అక్కర్లేదు.

28, శనివారం

వదిన మెసేజ్. “రేపు పదకొండింటికి ఆ మాస్టారి కూతురి దగ్గరికి వెళ్తున్నాను. కమిటీ ఆమెకి ఉత్తరం పంపుతుందట. ఉత్తరం కన్నా ముందు మనిషి వెళ్ళాలి. నువ్వు రా. నేను మాట్లాడను. నువ్వే చెప్పాలి.”

29, ఆదివారం

వెళ్ళాం. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. షాపు పైనే ఇల్లు. గోడకి ఆనించి మాస్టారు వేసిన బొమ్మలు, ఇంకా చట్రాలు కట్టించనివి. ఎక్కువగా చేతుల బొమ్మలే. కూర్చోమంది.

వదిన తనెవరో చెప్పగానే ఆమె మొహం బిగుసుకుంది. “గొంతు గుర్తుపట్టాను,” అంది. వదిన తలూపింది, అంతే.

నేను చెప్పాను. కంప్యూటర్ భాష లేకుండా చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. సంతలో నూట నలభై కొట్లకి వెళ్తూ, ప్రతి కొట్టు ముందూ ఆగి ఇంటినుంచి తెచ్చిన చీటీ మొత్తం మళ్ళీ మొదటినుంచీ రాసుకునే మనిషిని ఊహించుకోండి, ఆ పని చేయించింది నేను అన్నాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

“అంటే ఈవిడ ఏమీ ఆలస్యం చెయ్యలేదా?”

“లేదు. ఈవిడ పదిహేను సెకన్లే తీసుకుంది.”

ఆమె వదిన వైపు తిరిగింది. “ఫోన్లో మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఫిర్యాదులో కూడా.” వదిన లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఆమె ఏడవలేదు. వదిన చెయ్యి మీద చెయ్యి వేసింది. నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను. లేవాలో కూర్చోవాలో తెలియలేదు.

“ఇదంతా నాకు కాగితం మీద రాసివ్వండి,” అంది నాతో. “ఇప్పుడే. మీ చేత్తో.”

“ఎందుకు” అని నోటిదాకా వచ్చింది. అడిగే హక్కు నాకు లేదు. ఆమె డ్రాయింగ్ కాగితం ఒకటి తెచ్చిచ్చింది. దళసరి కాగితం, మాస్టారిదే అయి ఉంటుంది. రాశాను. ముప్పావు పేజీ వచ్చింది. ఈ మూడు వారాలు, ఆఫీసు, కమిటీ, అంతా కలిపి ముప్పావు పేజీ. “తర్వాత సరిచెయ్యాలి అని రాసి ఆరేళ్ళు సరిచెయ్యలేదు” అన్న చోట చెయ్యి ఆగింది. దాటుకుని రాశాను. సంతకం పెట్టాను. కింద ఈరోజు తేదీ వేసి ఇచ్చాను.

ఆమె నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. “సరే,” అని మడతపెట్టబోయింది.

“ఒక్క నిమిషం,” అంది వదిన. తనెవరో చెప్పాక మళ్ళీ మాట్లాడింది అప్పుడే. కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని నా ముందు బల్ల మీద పెట్టింది. “ఎప్పుడు తెలిసిందో అది కూడా రాయి.”

సంతకం పైన కొంచెం చోటుంది.

ఆరో తేదీ అని రాశాను.